మూడోసారి పిలిచినప్పుడు

"మావాడు ఆ గంట ఆపేశాడేమిటయ్యా?" అని అడిగాను.

కూలిపోయిన విమానంలో దొరికిన రికార్డింగును విచారణ ఆఫీసరు నాకూ, నా కోడలికీ వినిపిస్తున్నాడు. ఆ విమానం నడిపింది నా కొడుకే. ప్రమాద గంట మోగగానే మీట నొక్కి ఆపేశాడని, అది నిర్లక్ష్యమని పేపర్లో రాశారు.

"నిర్లక్ష్యం కాదమ్మా. విన్నాను, ఇక పని చూస్తానని అర్థం. అది మోగుతుంటే పక్క పైలట్ మాట వినబడదు."

"వాడంతే. చిన్నప్పుడు నేను కేకలేస్తుంటే చెవులు మూసుకుని లెక్కలు చేసుకునేవాడు," అన్నాను. కోడలు ఏడుస్తూనే నవ్వింది.

రికార్డింగులో కంట్రోల్ టవర్ వాళ్లు పిలిచారు. "ఏమైంది? ఎంతమంది ఉన్నారు?" జవాబు లేదు. మళ్లీ పిలిచారు. లేదు.

"ఆయన పలకరేం అత్తయ్యా?" అంది కోడలు.

"ముందు విమానాన్ని నిలబెట్టాలి, తర్వాత దారి చూసుకోవాలి. టవర్‌తో మాట్లాడటం అన్నిటికన్నా ఆఖరు. వాళ్లకు నేర్పేదే అది," అన్నాడు ఆఫీసరు.

అయితే నా బంగారు తండ్రి పనిలో ఉన్నాడన్నమాట. "ఇంకా లాగు, ఇంకా," అని పక్కవాడితో అంటున్నాడు. జరిగిపోయిందని తెలిసి కూడా నాకు ధైర్యం వచ్చింది.

మూడోసారి పిలిచారు. ఈసారి మావాడు తొందరేమీ లేకుండా, "నూట పన్నెండు మందిమి," అన్నాడు.

"పలికాడే, పలికాడు!" అని కోడలి చెయ్యి పట్టుకున్నాను.

ఆఫీసరు తల ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది, ఇక చెయ్యడానికి వాడికి ఏ పనీ మిగల్లేదని.

"ఉండండి అత్తయ్యా, ఇక ఆయన మాట్లాడతారు," అంటూ కోడలు కుర్చీ ముందుకు జరుపుకుంది.