సుద్ద పెట్టిన పన్ను

సిరికొండ అడవిల గాలివానకు పెద్ద టేకుచెట్టు తొవ్వకడ్డంగ కూలింది. రెండు దిక్కుల వరద. చెట్టుకు అవతల నిజామాబాద్ దవాఖానకు పోయే ఎడ్లబండి ఆగింది. బండిల లక్ష్మవ్వ బిడ్డ పురిటి నొప్పులతోని మూలుగుతున్నది.

ఇవతల కట్టెలు కోసే లతీఫ్ చెట్టును సగం కోసేసరికి మిషన్ రంపం మొద్దువోయింది. లాంతరు ముందర కూసోని, రంపం గొలుసు పండ్లకు ఆకురాయితోని పదును పెట్టవట్టిండు. మొదలువెట్టిన పన్నుకు సుద్ద రాసిండు. గొలుసు తిరిగి ఆ పన్ను మళ్ల ముందటికొస్తే పని అయినట్టే.

"అయిందా కొడకా?" లక్ష్మవ్వ అవతలికెల్లి కేకేసింది.

"అయిపాయె అవ్వా, ఇంకో రెండు పండ్లే!"

రెండు రాకిండు. ఇంకెన్నో రాకిండు. సుద్ద పన్ను ముందటికి రాలే. సుద్ద చెరిగిపోయిందేమో అనుకుందామంటే, వచ్చిన పన్నల్లా మొద్దుగనే వస్తున్నది. గొలుసు చూస్తే బారెడు లేదు. ఒళ్లె ఇనుప పొడి కుప్పవడ్డది. ఆకురాయి అరిగి నున్నగయి జారుతున్నది.

"అయిందా కొడకా?"

"అయిపాయె అవ్వా..."

ఉన్నట్టుండి మూలుగు ఆగింది. పసిగుడ్డు ఏడుపు కోసం లతీఫ్ చెవులు రిక్కించిండు. వరద చప్పుడొక్కటే. లక్ష్మవ్వ మళ్ల అడగలే.

వేలితోని గొలుసును జర్ర జరిపిండు.

సుద్ద పన్ను వచ్చింది.