మజ్జిగ గ్లాసు

మజ్జిగ గ్లాసు మళ్ళీ ఒలికింది.

"అంత అంచున పెడితే ఒలకదా, హైమా?" అన్నాడు సుదర్శనం.

"గ్లాసుకు కాళ్ళున్నాయా? లేచేటప్పుడు మీ చెయ్యే తగులుతోంది," అంది హైమవతి, గుడ్డ తెస్తూ. ఆమె బెంగ గ్లాసు గురించి కాదు. లేచినప్పుడల్లా మొగుడు బల్ల పట్టుకుంటున్నాడు. మొన్న మెట్ల మీద తూలి పడబోయాడు కూడా.

"డబ్బాలో చూపించుకున్నానుగా! కూర్చున్న నలభై సెకన్లలో బీపీ భేష్ అంది."

కూర్చుంటే చాలు, మనిషి లేకుండానే పరీక్షించి మందు చెప్పే వైద్యం డబ్బా వీధికొకటి వచ్చాక తెనాలిలో డాక్టరు మొహం చూసేవాళ్ళే తగ్గిపోయారు. అయినా హైమవతి ఆయన్ని పాత ఫ్యామిలీ డాక్టరు మందాకినిగారి దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ రెండు గంటలు కూర్చోవాలి. సుదర్శనం విసుక్కుంటూనే, వచ్చిన ప్రతి పెద్దావిడకూ లేచి కుర్చీ ఇచ్చాడు. లేచిన ప్రతిసారీ గోడ పట్టుకున్నాడు. అద్దం తలుపు వెనక నుంచి డాక్టరమ్మ అదంతా చూస్తూనే ఉన్నారు.

లోపలికి పిలిచి, ఆయన్ని నిలబెట్టి బీపీ చూశారు. "బయట మీరు లేచినప్పుడల్లా గోడ పట్టుకోవడం చూశాను. కూర్చుంటే మీరు భేషే. లేస్తేనే బీపీ పడిపోతోంది," అంటూ ఆయన రోజూ వేసుకునే బీపీ మాత్ర సగానికి తగ్గించారు. "వచ్చే నెల నుంచి ఇక్కడా డబ్బా పెట్టిస్తున్నాను. ఇక మీకు ఈ పడిగాపులుండవు."

పది రోజుల తర్వాత, భోజనమయ్యాక సుదర్శనం దర్జాగా లేచాడు. అదే అంచున గ్లాసు కదలకుండా ఉంది.

"వచ్చే నెల డాక్టరమ్మ దగ్గరికి రెండు గంటలు ముందే వెళ్తున్నాం," అని ప్రకటించింది హైమవతి.

"ఎందుకే? పడిగాపులుండవన్నారుగా!"

"అందుకే."