పేరు కొట్టిన విమానం

“ఆగక్కా! మూత జర ఆపు, బిగించకు!”

శోభ అరుస్తూ పరుగెత్తుకొచ్చేసరికి సుమలత చేతిలోని స్పానర్ గాల్లోనే ఆగింది.

“ఏందే గట్ల ఉరికొస్తున్నవు? ఇదే ఆఖరి విమానం. సారు నెత్తి మీద కూసున్నడు.”

“ఒక్క నిమిషమక్కా. లోపల పేరు కొడత.”

“ఎవరిదే?”

“మా లక్ష్మణ్‌ది.”

తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, సుమలత మూతను పక్కకు జరిపింది.

శంషాబాద్ విమానాశ్రయం వెనక ఉన్న ఆ షెడ్డులో తయారయ్యేవి మనుషులెక్కే విమానాలు కావు. డిజైను విదేశీ కంపెనీది, ఇంజన్లు ఇంకో దేశానివి, బిగింపు మాత్రం ఇక్కడి ఆడవాళ్ళది. పైలట్ ఉండడు. ఎగురుతుంది, చెప్పిన చోట పడుతుంది, పేలుతుంది. పేలే సరుకు కొన్న దేశమే నింపుకుంటుంది.

శోభ ఇంతకుముందు బజారులోని స్టీలు సామాన్ల కొట్లో పేర్లు కొట్టేది. శంషాబాద్‌లో సగం పెళ్ళిళ్ళ గిన్నెల మీద ఉన్నవి ఆమె చేతి చుక్కలే. పేరు పక్కన చిన్న పువ్వు వేయకుండా ఏ గిన్నెనూ వదిలేది కాదు. ఆ పనితనం చూసే కంపెనీ వాళ్ళు పార్టుల మీద నంబర్లు కొట్టడానికి తీసుకున్నారు. నంబర్ల పక్కన పువ్వు వేయొద్దని మొదటి రోజే చెప్పాల్సి వచ్చింది.

ఈ మధ్య ఆమెకు అన్నం సయించడం లేదు. తమ్ముడు లక్ష్మణ్ మేస్త్రీ పనికని పోయిన దేశంలో యుద్ధం మొదలైంది. రాత్రయితే సైరన్లు. క్యాంపులో అందరూ మంచాల కింద దూరడం. తిరిగి రావడానికి దారి లేదు. “నాకేం కాదక్కా” అని వాడు ఫోన్లో నవ్వినప్పుడల్లా శోభకు ఏడుపొచ్చేది.

అలాంటి సమయంలో మేనేజర్ వరప్రసాద్ అందరినీ పిలిచి చల్లటి మాట చెప్పాడు.

“మన విమానాలు యుద్ధంలో ఉన్న దేశానికి వెళ్తున్నాయి. రేపు సాయంత్రానికల్లా కార్గోకి చేరాలి. ఒక్కటి కూడా మిగలకూడదు.”

“ఏ దేశం సార్?” శోభ ముందుకొచ్చి అడిగింది.

“అది మీరు అడగకూడదమ్మా, నేను చెప్పకూడదు,” అని ఆయన నవ్వాడు.

శోభకు ఆ నవ్వు చాలు.

“ఇంకేం దేశమే? దినాం టీవీల దెబ్బలు తినుడు చూపెడ్తలేరా? మీ తమ్ముడున్నదే!” అని సుమలత ఖాయం చేసేసింది. ఇక షెడ్డంతా పండగే. తమ్ముడి కోసమన్నట్టు అందరూ చేతులు కలిపారు. శోభ అయితే భోజనం డబ్బా కూడా తెరవలేదు.

ఇప్పుడు ఆఖరి విమానం కడుపులోకి వంగి, ఇంజన్ కిందున్న స్టీలు పట్టీ మీద పేర్లు కొట్టే మిషన్ ఆనించింది. జర్రుమని చుక్కలు పడసాగాయి.

“గిన్నెలకైతే సరే. దీనికెందుకే పేరు?” అంది సుమలత.

“పేరు కొట్టిన గిన్నె ఎన్ని దావత్‌లకు పోయినా ఆఖరికి ఎవరిది వాళ్ళింటికే వస్తది కదక్కా! గిది గూడ గంతే. మా తమ్మునికాడికే పోవాలె. వాన్ని కాపాడాలె.”

చివర్లో పువ్వు కూడా వేసింది. ఎన్నాళ్ళకో పువ్వు వేస్తుంటే చెయ్యి మురిసిపోయింది.

“ఏమైంది? మూత ఇంకా పెట్టలేదా?” వెనక వరప్రసాద్ గొంతు.

“అయిపాయె సార్!” సుమలత మూత పెట్టి బోల్టులు తిప్పేసింది.

లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు గుమ్మడికాయ కొట్టారు. లారీ కదలగానే శోభ ఈల వేసింది. ఆమెకు ఈల వచ్చని ఎవరికీ తెలియదు, వరప్రసాద్ కూడా నవ్వేశాడు.

శంషాబాద్‌లో విమానం పోతుంటే తలెత్తి చూసేవాళ్ళుండరు. ఆ సాయంత్రం మాత్రం షెడ్డు ఆడవాళ్ళందరూ రోడ్డు మీదే నిలబడ్డారు. పెద్ద కార్గో విమానం ఇళ్ళ మీదుగా లేస్తుంటే చేతులూపారు.

“పో బిడ్డా! మా తమ్మునికాడికి పో!” అని శోభ గొంతు పగిలేలా అరిచింది.

వారం దాటాక లక్ష్మణ్ ఫోన్ కలవడం మానేసింది. శోభ పిచ్చిదానిలా మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంది. చివరికి ఒక పొద్దున, షెడ్డులో చాయ్ తాగే వేళ, ఫోన్ అదే మోగింది.

“అక్కా, బతికిన!”

శోభ గ్లాసు పక్కన పెట్టి లేచింది. “ఏడున్నవురా? దెబ్బలు తాకినయా?”

“ఏం తాకలే. రాత్రి మా రూము మీదనే పడ్డది. నేను నల్లకాడ నీళ్ళు పట్టుకుంటున్న, అందుకే దక్కిన. రూమే లేదిప్పుడు.”

శోభ ఏడుస్తూనే నవ్వింది. “ఇగ భయపడకు తమ్మీ. మేం విమానాలు పంపినం. చేరినట్టే ఇగ. నిన్ను కొట్టినోళ్ళ పని పడతయి, చూస్తుండు!”



“అక్కా... పొద్దున నా మంచం ఉన్న కాడ ఒక ముక్క దొరికింది. ఫొటో పెట్టిన. చూడు. నాకేం సమజైతలేదు.”

సుమలత కూడా భుజం మీద నుంచి తొంగి చూసింది. ఫొటో మెల్లగా తెరుచుకుంది.

మసిబారిన స్టీలు పట్టీ మీద, చిన్న పువ్వు పక్కన, ‘లక్ష్మణ్’ అని ఉంది.