ఒక నల్లగుర్రం లేదు

“పాత చదరంగం. బాగుంటుంది. కావలసినవారు పాడుకోగలరు.”

ఇంతే రాసి, మూసిన పెట్టెకి ఓ ఫొటో తీసి, టైలరమ్మ ఆన్‌లైన్ వేలంలో పెట్టేసింది. మూడు రోజులైనా అటు తొంగిచూసినవాడు లేడు.

ఆమె తొందర ఆమెది. పక్కవీధి టైలరు దుకాణం ఎత్తేస్తూ, తన ఓవర్‌లాక్ మిషన్ నాలుగు వేలకి ఇస్తానన్నాడు. ఆదివారం సాయంత్రం దాకా ఆగుతాడట, ఆ తర్వాత ఎవరిస్తే వాళ్ళకేనట. అంచులు కుట్టించడానికి బట్టల మూటలు మోసుకుంటూ తిరిగి ఆమె నడుం పడిపోతోంది. అది చూడలేకే ఆమె మావయ్య అటక మీది పెట్టె దింపించి, “అమ్మేయమ్మా. ఆడేవాడు లేడు, ఇదెందుకు నాకు?” అన్నాడు. మావయ్య చేతి నుంచి ఒక వస్తువు జారడమే గొప్ప. మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని ఆమె వెంటనే ఫోను అందుకుంది.

నాలుగో రోజు ప్రకటన కింద ఓ వ్యాఖ్య కనిపించింది. రాసినాయన తనకు తానే పెట్టుకున్న పేరు ‘దిద్దుబాటు’.

“అమ్మా, ఇది ప్రకటనా, కిరాణా చీటీనా? పొడవెంత, ఏ కర్ర? పెట్టె తెరిచి, కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీయండి. బాగుంటుందని మీరు అనకూడదు. చూసినవాళ్ళు అనుకోవాలి.”

టైలరమ్మకి ఒళ్ళు మండింది. ఎవరీ మహానుభావుడు అని వెతికితే, గ్రైండర్ కింద ఒకటి, పిల్లల సైకిల్ కింద ఒకటి, అడిగినా అడక్కపోయినా అందరి ప్రకటనలూ దిద్దుతూ కనిపించాడు. పనీపాటా లేని మనిషి అనుకుంది. కానీ ఆయన దిద్దిన సైకిల్ మర్నాడే అమ్ముడైపోయింది. దాంతో ఆమె మెళ్ళో టేపు తీసింది. జాకెట్లకి తీసిన చేత్తోనే రాజుకీ మంత్రికీ కొలతలు తీసి, బంట్లను కూడా వదలకుండా రాసి, కొత్త ఫొటో పెట్టింది. సాయంత్రానికి ఇద్దరు పాడారు.

“ఇప్పుడు లోపం రాయండి,” అన్నాడు దిద్దుబాటు. “లోపం ముందే చెప్పాలమ్మా. నల్లగుర్రాలు రెండూ ఉన్నాయా?”

ఆమె గతుక్కుమంది. ఉన్నది ఒక్కటే. పెట్టెలో రెండోదాని చోట కోటుగుండీ ఒకటి పెట్టి ఉంది. ఫొటోలో ఆ మూల పడకుండా తనే జాగ్రత్తపడింది.

“మీకెలా తెలుసండీ?”

“పాత సెట్లలో ముందు పోయేది గుర్రమే. ఎలా పోయిందో కూడా రాయండి. కారణం తెలిస్తే లోపానికి కూడా విలువొస్తుంది.”

ఆమె వెళ్ళి మావయ్యని అడిగింది. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“పోయింది. ఎలా పోతేనేం?”

“రాయాలట మావయ్యా.”

పేపరు దిగింది.

“ఎత్తు వేసి చెయ్యి తీసేశాను. ఓడిపోతానని తెలిసి వెనక్కి తీసుకున్నాను. చెయ్యి తీయనేలేదని బుకాయించాను. నా స్నేహితుడు లేచి వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళయింది. గుర్రం కూడా ఆ రోజే పోయింది.” మళ్ళీ పేపరు లేచింది. “ఇదంతా రాయకు.”

“రాయను మావయ్యా,” అని వచ్చి, మొత్తం రాసేసింది. ఆయన ఫోను ముట్టుకోడన్న ధైర్యం.

“ఒక నల్లగుర్రం లేదు. ఎత్తు వేసి చెయ్యి తీసేశాక వెనక్కి తీసుకుని, చెయ్యి తీయనేలేదని బుకాయించి, మంచి స్నేహితుణ్ణి పోగొట్టుకున్న రోజే అదీ పోయింది. తప్పు ఈ చదరంగం యజమానిదే.”

దిద్దుబాటు ఈసారి ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. అసలు ఆ రోజంతా పలకనే లేదు.

మర్నాటికి వేలం వేడెక్కింది. పాత సామాన్ల వ్యాపారి ఒకడు, ‘కందిరీగ’ అనే పేరుతో ఇంకొకడు పోటీపడ్డారు. ఇతను వంద పెంచితే అతను రెండు వందలు. శనివారం వ్యాపారి విసిగిపోయి, మూడున్నర వేలు చేతిలో పెడతాను, వేలం ఆపేయమని కబురు పంపాడు. టైలరమ్మ మనసు ఊగింది. మిగతా అయిదు వందలు ఎలాగోలా సర్దుకోవచ్చు.

“ఇచ్చేయమంటారా?” అని దిద్దుబాటుని అడిగింది.

“తొందరపడకండి. ఆ కందిరీగ మొండిఘటంలా ఉన్నాడు. రేపటి దాకా వదలడు.”

నిజంగానే వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం నాలుగు వేల వంద దగ్గర వేలం ముగిసింది. పార్సెల్ అక్కర్లేదు, నేనే వచ్చి తీసుకెళ్తానని కందిరీగ రాశాడు. టైలరమ్మ అప్పటికప్పుడు ఓవర్‌లాక్ మిషన్‌కి చోటు చూసి, బల్ల ఆ గోడ నుంచి ఈ గోడకి జరిపింది.

నాలుగింటికి తలుపు చప్పుడైంది. మెట్లెక్కిన ఆయాసంతో ఓ పెద్దాయన, చేతిలో డబ్బు కవరు. ఆమె కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చదరంగం పలక పరిచి పావులన్నీ వాటి వాటి గడుల్లో పేర్చింది. అంత డబ్బు పెడుతున్న మనిషిని చూస్తే ఆమెకి మనసొప్పలేదు.

“ఇంకోసారి చూసుకోండి బాబాయిగారూ. ఇక్కడ ఒక గుర్రం లేదు, గుండీ పెట్టాం...”

“లోపం ముందే చెప్పాలమ్మా, చెప్పారు, చాలు,” అంటూ ఆ పెద్దాయన జేబులోంచి నల్లగుర్రాన్ని తీసి, కోటుగుండీ తప్పించి ఆ గడిలో నిలబెట్టి, లోపలి గది వైపు గొంతెత్తాడు: “ఒరేయ్, చెయ్యి తీశానని ఒప్పుకున్నావుగా, ఇక రా, ఆట పూర్తిచేద్దాం.”