పాత కార్డు, కొత్త కార్డు

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. వంటింట్లో అమ్మ సుమలత, గిన్నెల చప్పుడు. వసారాలో నాయనమ్మ అన్నమ్మ, దగ్గుకీ దగ్గుకీ మధ్య కీర్తన. ఆ పూట పెడన అద్దకం షెడ్డుకి వెళ్ళని నాన్న కృపానందం, చొక్కా నిండా రంగు వాసన. గుడివాడ నుంచి వచ్చిన జాన్సన్ మావయ్య. గదిలో కంప్యూటర్ ముందు అన్నయ్య క్రాంతి. అతని మంచం మీద, గోడకు ఆనుకుని దయామణి.

తగువంతా కొత్త గ్రాఫిక్స్ కార్డు గురించే. ఆటల్లో బొమ్మ బాగా రావాలని, అన్నం మానేసి మరీ నాన్నని ఒప్పించి క్రాంతి దాన్ని విజయవాడలో కొన్నాడు. ఆ డబ్బు దయామణి హైదరాబాద్ ప్రయాణానికని నాన్న దాచినది. సాయంత్రంలోగా తిరిగిచ్చేస్తే కొట్టువాళ్ళు సొమ్ము వెనక్కిస్తారు.

“పాతదాంతో వీడు ఇన్నాళ్ళూ ఆడలేదా ఏంటి బావా? అంత పోసి కొనేంత తేడా ఉందంటే నేను నమ్మను,” అన్నాడు మావయ్య.

పందెం ఆయనే పెట్టాడు. ఒకే ఆట, ముందు కొత్త కార్డుతో, తర్వాత పాతదాంతో. తేడా లేకపోతే నాన్న వెంటనే విజయవాడ బస్సెక్కాలి.

నాయనమ్మ కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నిజం బయటపెట్టమని ప్రభువుని అడిగింది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది క్రాంతే.

ముందు కొత్తది. వానలో అడవి. ఆకు ఆకునా చినుకులు మెరుస్తున్నాయని అమ్మ మురిసిపోయింది.

“ఇప్పుడు పాతది బిగిస్తా. దుమ్ము పడకూడదు, అందరూ బయటికెళ్ళండి,” అన్నాడు క్రాంతి. దయామణి కూడా లేవబోయింది.

“నువ్వుండవే, పర్లేదు.”

ఆమెకు సంతోషం వేసింది. ఈమధ్య అన్నయ్య తనతో మాట్లాడటమే తక్కువ.

గది తలుపు మూసుకుంది. కొత్త కార్డు బిగించిన రోజు కంప్యూటర్ డబ్బా మూత కిర్రుమంది, స్క్రూలు స్టీలు పళ్ళెంలో టంగుటంగుమన్నాయి. ఇవాళ మౌస్ నాలుగుసార్లు టిక్కుమంది, అంతే. కంప్యూటర్ ఫ్యాను హోరు ఒక్క క్షణమైనా ఆగలేదు. ఆటలోనే బొమ్మ నాణ్యత ఎంత కావాలంటే అంత దించొచ్చని ఒకప్పుడు అతనే ఆమెకు చెప్పాడు. ఆ టిక్కుల తర్వాత క్రాంతి ఊరికే కూర్చుని వేళ్ళు విరుచుకున్నాడు.

మళ్ళీ అందర్నీ పిలిచాడు. ఈసారి అడవి బురదముద్దలా ఉందంది అమ్మ. తేడా ఉందని మావయ్యా ఒప్పుకున్నాడు.

“సరే, ఉంచుకో,” అన్నాడు నాన్న. “దయ సంగతి వచ్చే ఏడు చూద్దాం.”

వాళ్ళు వెళ్ళిపోయారు. దయామణి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

“నువ్వు కార్డు మార్చలేదు కదన్నయ్యా. నేనిక్కడే ఉన్నాగా. నాన్నకి చెప్పేస్తా.”

“ముందు హైదరాబాద్ వెళ్ళి కళ్ళు బాగుచేయించుకురా, గుడ్డిదాని సాక్ష్యం ఎవరు నమ్ముతారే,” అని ఆమె చేతికర్రని గడప అవతలికి తోసి, క్రాంతి తలుపేసుకున్నాడు.