మళ్ళీ మాస్టారు

"పాస్!" అన్నాడు అధికారి వాచీ చూసుకుంటూ.

డ్రైవింగ్ పరీక్ష మొత్తం నాలుగు నిమిషాలు. పది గజాలు ముందుకు, పది గజాలు వెనక్కి. అంతే.

ఆమె వ్యాను దిగి భర్తకు ఫోన్ చేసింది. ఆయన కాలు విరిగి మంచాన పడకముందు స్కూలు పిల్లల్ని తిప్పిన వ్యాను అది. ఇక ఆమే తిప్పాలి. లేకపోతే స్కూలువాళ్లు వేరే బండి చూసుకుంటారు.

"ఏమండీ, పాసయ్యాను!" అంటుండగానే వెనక ఎవరో కేక వేశారు.

వ్యాను దానంతటదే కదులుతోంది.

లైసెన్సు ఆఫీసు గేటు పక్క బెంచీ మీది ముసలాయన ఒక్క పరుగున వెళ్లి, తలుపు లాగి, హ్యాండ్ బ్రేకు వేశాడు. వ్యాను గోడకు జానెడు దూరంలో ఆగింది.

"హ్యాండ్ బ్రేకు వేయకుండా దిగావమ్మా," అన్నాడు రొప్పుతూ. "అద్దమూ చూడలేదు. మళ్ళీ చెయ్యి."

"నేను పాసయ్యానండీ!"

"అది వాళ్ల మాట. నీ బండి ఏమందో చూశావుగా?"

ఆమె ముఖం మాడ్చుకుంది.

తన శిష్యులతో పరీక్షకు వచ్చిన ఓ డ్రైవింగ్ స్కూలు యజమాని పకపకా నవ్వాడు. "పట్టించుకోకక్కా. మేం 'మళ్ళీ మాస్టారు' అంటాం ఆయన్ని. పాసైన ప్రతివాళ్లనీ పట్టుకుని 'మళ్ళీ' అంటాడు. నేను స్కూలు పెట్టకముందు నుంచీ ఇక్కడే ఉన్నాడట. ఎవరో, ఏమిటో! పనీపాటా లేని మనిషి."

ఇంటికి వెళ్లినా ఆ గోడ ఆమె కళ్లముందు నుంచి కదల్లేదు. అక్కడ గోడ కాక పిల్లలుంటే?

మర్నాడు పొద్దున్నే బెంచీ దగ్గర నిలబడింది.

"మాస్టారూ, నాకు బండి రాదు. నేర్పిస్తారా?"

ముసలాయన బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

"ఇన్నేళ్లలో ఆ మాట అన్నది నువ్వొక్కదానివేనమ్మా."

పిల్లల స్కూలువాళ్ల కాళ్లావేళ్లా పడి ఆమె మూడు వారాలు గడువు తెచ్చుకుంది.

రోజూ తెల్లవారగానే ఊరి చివర మిట్ట మీద పాఠం.

"కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పు. నోరు పలుకుతుంటే బుర్ర నిద్రపోదు."

"ఎడమపక్క సైకిలు. ముందు మలుపు. గేరు తగ్గిస్తున్నా."

"వెనక స్కూటరు ఏమైంది? మళ్ళీ."

వాలులో బ్రేకు జోలికి పోకుండా, గేర్లతోనే వ్యానును నెమ్మదింపజేయడం ఎన్నిసార్లు చేయించాడో లెక్కలేదు.

"మాస్టారూ, నా బ్రేకులు బాగానే ఉన్నాయి కదా!"

"బాగున్నప్పుడు ఎవరైనా నడుపుతారు. మళ్ళీ."

ఊరికే ఎందుకు నేర్పుతున్నారని అడిగితే మాట మార్చేసేవాడు.

ఇరవై ఒకటో రోజు ఆయన నోట 'మళ్ళీ' రాలేదు.

"ఇక పిల్లల్ని ఎక్కించుకోమ్మా," అని దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

రెండు నెలలు గడిచాయి.

ఓ సాయంత్రం పదకొండుమంది పిల్లలతో ఆ మిట్టే దిగుతోంది. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా అడుగుకంటా దిగిపోయింది.

కింద కూరగాయల బజారు. ఇసుక వేస్తే రాలనంత జనం.

ఆమె నోరు ఆగలేదు.

"బ్రేకు లేదు. ఇంకోసారి తొక్కుతున్నా. లేదు. గేరు మూడు!"

ఇంజను గుర్రుమంది.

"గేరు రెండు! ఎడమపక్క ఖాళీ!"

పిల్లలు ఇదేదో ఆటనుకున్నారు. "గేరు రెండూ!" అని కోరస్ అందుకున్నారు.

హారన్ మోగిస్తూ, టైర్లను పేవ్‌మెంటు అంచుకు రాసుకుపోనిస్తూ, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ వచ్చింది.

"గేరు ఒకటీ!" అని పిల్లలే అరిచారు.

మొదటి కొట్టు ముందు వ్యాను ఆగింది. ఒక్క టమాటా కూడా దొర్లలేదు.

"పిన్నీ, మళ్ళీ!" అన్నారు పిల్లలు.

బజారంతా చప్పట్లతో మారుమోగిపోయింది. ఆమె హ్యాండ్ బ్రేకు పూర్తిగా బిగించి, అప్పుడు దిగింది.

మర్నాడు ఆ కబురు చెప్పడానికి బెంచీ దగ్గరికి పరుగెత్తింది. బెంచీ ఖాళీగా ఉంది.

"మాస్టారు పోయి పది రోజులైందమ్మా," అన్నాడు టీ కొట్టతను. "పడుకున్న మనిషి లేవలేదు."

ఆ బెంచీ మీదే కూలబడి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

వ్యాను సంగతి పేపర్లో పడింది. 'ఆ పిన్నికి వచ్చింది మిగతా డ్రైవర్లకు ఎందుకు రాదు?' అని తల్లిదండ్రులు లైసెన్సు ఆఫీసు ముందు బారులు తీరారు. మూడు నెలలు తిరక్కుండా పరీక్ష మారిపోయింది. మిట్ట, వాలు, రద్దీ రోడ్డు. నలభై నిమిషాలు. పాత లైసెన్సులున్నవాళ్లు కూడా కావాలంటే రావచ్చన్నారు.

అందరికంటే ముందు ఆమే వచ్చింది. భర్త చేతికర్ర ఊతంతో గేటు దగ్గర నిలబడ్డాడు. డ్రైవింగ్ స్కూలు యజమాని ఈసారి నవ్వలేదు.

నలభై నిమిషాల తర్వాత ఆఫీసు పెద్ద అధికారిణి కాగితం పైకెత్తి చూపించింది.

"ఒక్క తప్పూ లేదు!"

గేటు దగ్గర ఒకటే ఈలలు. భర్త చేతికర్ర గాల్లోకి లేపబోయి పడబోయాడు.

"మాస్టారు ఇది చూసి ఉండాల్సింది మేడమ్," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఆయనెవరో కూడా నేనెప్పుడూ అడగలేదు."

అధికారిణి ఆమెను తన గదిలోకి తీసుకెళ్లి, బల్ల మీది లావుపాటి ఫైలు ముందుకు జరిపింది.

"ఈ కొత్త పరీక్ష మొత్తం ఆయన రాసిచ్చిందే. నాలుగేళ్లుగా నెలకో ఉత్తరం పంపారు. మీ వ్యాను ఆగాక గానీ మేం ఒక్కటీ విప్పి చూడలేదు."

"ఇంత తెలిసినవారు... ఏం పని చేసేవారండీ?"

అధికారిణి తన కుర్చీ వంక చూసింది.

"నాకంటే ముందు ఇక్కడే కూర్చునేవారు. జనం వరసలో నిలబడలేకపోతున్నారని అప్పటి పెద్ద పరీక్షను నాలుగు నిమిషాలకు కుదించింది ఆయనేనమ్మా."