ఆఖరి ప్రాజెక్టు

షావలి ఆ కాగితాన్ని నిలువునా చించి కూతురి ముఖాన కొట్టాడు. "కంప్యూటర్ మాట ఇంగొకసారి ఎత్తితే చూడు!"

కువైట్‌లోని రెండేళ్ల కాలేజీలో ఏ సెమిస్టర్‌కు ఏ కోర్సు చదివితే, యూనివర్సిటీలో నేరుగా కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాదిలో చేరవచ్చో షబ్నమ్ రాసుకున్న కాగితం అది. అన్నీ పాసైంది. ప్రాజెక్టు గ్రేడ్ ఒక్కటే రావాలి. తయారుచేసిన ప్రోగ్రాంను ఏదో ఒక కంపెనీ నిజంగా వాడితేనే ఆ గ్రేడ్ ఇస్తారు.

"పెట్టెలు మోసేటోనికి చదువు విలువ ఏం తెలుస్తాది? నేను పైకొస్తే నీకు కుళ్లు నాయనా!"

"కుళ్లా? సబ్హాన్ గోడౌన్‌లో పద్దెనిమిదేండ్లు చేసినా. ఏ పెట్టె ఏ అరలో ఉందో కండ్లు మూసుకోని చెప్తా. నువ్వు అడిగితే టీ తాగతా రోజూ చెప్పలేదా? ఇప్పుడా పని కంప్యూటర్ చేస్తాందంట. మా ఆరుగురినీ పనిలోనించి ఖలాస్ అన్నాడు మేనేజర్."

చిరిగిన కాగితం ముక్కలు ఏరుతున్న షబ్నమ్ తలెత్తి తండ్రిని చూసింది.

"ఈడ ఉండే పర్మిట్టు, నా ఇఖామా మీదే గదా నీదీ! నాది తీసేస్తే నువ్వూ నాతోపాటు రాయచోటికి పోవాల్సిందే. ఇంగ యాడి యూనివర్సిటీ? ఆ ప్రోగ్రాం రాసినోళ్ల చేతులు పడిపోను!"

షబ్నమ్ ఫోన్ మోగింది. కాలేజీ మేడమ్ మెసేజ్: "ప్రాజెక్టుకు 'A' గ్రేడ్ వచ్చింది! నీ ప్రోగ్రాం ఒక్కటే ఆరుగురి పని చేస్తోందని మీ నాన్నగారి మేనేజర్ తెగ మెచ్చుకున్నాడు."

ఆమె ముఖం చూసి షావలి గొంతు తగ్గించాడు.

"ఏమంట? పాసైనావా?"